200 ఆంప్స్ డబ్బా, 16 ఆంప్స్ ప్లగ్గు: ఇంటికి మొదటి వెల్డింగ్ మిషన్ కొనేవాళ్ళకు

మాది జనగామ వైపు పల్లె. పాడి మీద బతుకు. బర్రెల కొట్టం ఉన్న ఇంట్లో ఇనుము ఎప్పుడూ ఏదో ఒకచోట విరుగుతూనే ఉంటుంది. గేటు మడతబందు ఊడుతుంది, మేత తొట్టి ముందున్న పైపు వంగుతుంది, మోటారు స్టాండు కాలు తుప్పు పట్టి పోతుంది. బర్రె రోజూ ఒళ్ళు రుద్దుకుంటే ఏ అతుకూ నిలవదు. మా ఊరి వెల్డింగ్ షాపు అన్న మంచివాడే. కానీ ఇళ్ళ గ్రిల్స్, గేట్ల పని చేతిలో ఉన్నప్పుడు నా రెండు అతుకులు ఆయన కంటికి ఆనవు. "పొద్దుగాల వస్త తమ్మీ" అంటాడు, ఏ రోజు పొద్దుగాలో చెప్పడు. తప్పు కూడా పట్టలేం. ఆటోలో సామానంతా ఎక్కించుకొచ్చి, రెండు రాడ్లు కాల్చి పోతే ఆయనకేం గిట్టుబాటు?

అందుకని పోయిన వానాకాలం ముందు నేనే ఒకటి కొన్నాను. సింగిల్ ఫేజు, ఐజీబీటీ ఇన్వర్టర్ రకం (పాతకాలం బరువైన ట్రాన్స్‌ఫార్మర్ బదులు ఎలక్ట్రానిక్ బోర్డుతో నడిచేది), డబ్బా మీద 200 ఆంప్స్, చేత్తో ఎత్తుకుని నడిచేంత బరువు, సికింద్రాబాద్ రాణిగంజ్‌లో ఏడు వేల లోపు. కంపెనీ పేరు రాయడం లేదు. ఫిర్యాదులు ఉన్నాయన్నది ఒక కారణం. ఈ ధరలో మోడళ్ళు ఏటా మారిపోతాయి కాబట్టి పేరు పట్టుకుని షాపుకు పోతే అది దొరకకపోవచ్చన్నది రెండోది. ఏం చూసి కొనాలో తెలిస్తే ఏ షాపులోనైనా కొనొచ్చు. నా మాట ముందే చెప్పేస్తాను: మిషన్‌తో తృప్తిగా ఉన్నాను, దాంతోపాటు డబ్బాలో వచ్చిన వైర్లతో లేను, డబ్బా మీద అంకెను మాత్రం అసలు నమ్మను.

ఆ అంకె సంగతి కాస్త వివరంగా చెప్పాలి. రాణిగంజ్‌లో మోటార్లు, పంపులు, పనిముట్లు అమ్మే షాపులు వరుసగా ఉంటాయి. ఏ షాపులో అడిగినా మొదటి ప్రశ్న ఒకటే, "ఎన్ని ఆంప్స్ కావాలి సార్?" ఇంటికి అంటే 200 చూపిస్తారు. ఇంకో ఐదొందలు వేసుకుంటే 250 అంటారు. మన చెవికి ఎక్కువ అంకె ఎక్కువ బలంలా వినిపిస్తుంది. మీరు అంకె వదిలేసి డబ్బాను వెనక్కి తిప్పండి. అక్కడ స్టిక్కరో, రేకు ముక్కో అంటించి ఉంటుంది. దాని మీద ఇన్‌పుట్, అంటే గోడ నుంచి లాగేది, ఎన్ని కేవీఏ (వోల్టులను ఆంప్స్‌తో గుణించి వెయ్యితో భాగిస్తే వచ్చేది), లేదా ఎన్ని ఆంప్స్ అని రాసి ఉంటుంది. అది చదవండి.

రాడ్డు వెల్డింగ్‌కు ఒక లెక్క ఉంది. ఎన్ని ఆంప్స్ అయితే దాన్ని 0.04తో గుణించి 20 కలిపితే, రాడ్డు కొన దగ్గర ఎన్ని వోల్టులు ఉంటాయని లెక్క పట్టాలో వస్తుంది. 200 ఆంప్స్‌కు 28 వోల్టులు. రెండూ గుణిస్తే 5,600 వాట్లు. ఇది రాడ్డు కొన దగ్గర ఖర్చయ్యే కరెంటు మాత్రమే. మిషన్ లోపల వేడిగా పోయేది కలిపితే గోడ నుంచి ఆరున్నర వేల వాట్ల పైనే లాగాలి. ఈ ధర ఇన్వర్టర్లకు పవర్ ఫ్యాక్టర్ (లాగిన దాంట్లో నిజంగా పనికొచ్చే వంతు) 0.7 దగ్గర్లో ఉంటుంది కాబట్టి అది తొమ్మిది కేవీఏ దాటుతుంది. 230 వోల్టుల దగ్గర 40 ఆంప్స్ అన్నమాట. నేను చూసిన ఒక డబ్బా మీద ముందు 200 అని పెద్ద అక్షరాలు, వెనక ఇన్‌పుట్ 5.3 కేవీఏ అని చిన్న అక్షరాలు ఉన్నాయి. 5.3 లోపలికి పోయి 5.6 బయటికి ఎలా వస్తుంది? ఆ డబ్బా నిజంగా ఇవ్వగలిగేది 120, 125 దగ్గర ఉంటుంది. షాపతన్ని అడిగితే నవ్వి, "అందరూ అట్లనే రాస్తరు అన్నా" అన్నాడు. నిజాయితీగానే చెప్పాడని నాకనిపించింది.

ఇంతకీ మన ఇంటికి ఆ 200 అక్కర్లేదు. అసలు రాదు కూడా. గోడకున్న 16 ఆంప్స్ ప్లగ్గును తీసుకుని అదే లెక్క వెనక్కి వేయండి. 230 ఇంటూ 16 అంటే 3,680. పవర్ ఫ్యాక్టరు, లోపలి నష్టం తీసేస్తే రాడ్డు దగ్గరికి చేరేది రెండు వేల పైచిలుకు వాట్లు. అంటే 90 ఆంప్స్ వెల్డింగ్. ఇంటి ప్లగ్గుకు అదే హద్దు. 2.5 ఎంఎం రాడ్డుకు కావాల్సింది 60 నుంచి 90. ఇంటి పనుల్లో ఎక్కువ భాగం ఆ రాడ్డుతోనే అయిపోతాయి. 3.15 ఎంఎం రాడ్డు కాల్చాలంటే 90 నుంచి 130 కావాలి. నాబు 120కి తిప్పారంటే గోడ నుంచి ఇరవై ఆంప్స్ పైనే లాగుతుంది. అప్పుడు ఎంసీబీ (ఎక్కువ లాగితే దానంతట అదే కరెంటు ఆపే స్విచ్చు) పడుతుంది. అదీ నయమే, పడకపోతే ప్లగ్గు పిన్నులు వేడెక్కి ప్లాస్టిక్ కరుగుతుంది.

కాబట్టి మిషన్ కంటే ముందు మీ ఇంటి కరెంటు చూడండి. మా కొట్టానికి ఇంతకుముందు లైట్లు, ఫ్యాను కోసం లాగిన వైరు తప్ప ఇంకేమీ లేదు. మీటరు పక్క నుంచి నేరుగా 4 స్క్వేర్ ఎంఎం రాగి వైరు లాగించి, 25 ఆంప్స్ ఎంసీబీతో మెటల్ క్లాడ్ (రేకు డబ్బాలో ఉండే) సాకెట్టు పెట్టించాను. ఎలక్ట్రీషియన్ తమ్ముడు సి టైపు ఎంసీబీ పెట్టాడు. ఇళ్ళలో కొన్నిచోట్ల ఉండే బి టైపు ఇలాంటి వాటికి ఆన్ చేయగానే పడిపోవచ్చు. ఎర్తింగ్ కూడా కొత్తగా గొయ్యి తవ్వి వేయించాను. ఈ పనికి అయిన ఖర్చు మిషన్ ధరలో సగానికి తక్కువేం కాదు. అయినా ఎవరైనా నన్ను సలహా అడిగితే మొదట ఇదే చెబుతాను, ఏడు వేల మిషన్ కొని పాత వైరుకు తగిలించడం కంటే ఐదు వేల మిషన్ కొని మిగతా డబ్బు వైరుకు పెట్టడం మేలు.

ఎక్స్‌టెన్షన్ బాక్సు విషయానికి వస్తే, టీవీకి వాడే సన్న వైరు బాక్సులు దీనికి పనికిరావు. ఒక స్క్వేర్ ఎంఎం రాగి వైరు 30 మీటర్లు లాగి 16 ఆంప్స్ పంపితే దారిలోనే 17 వోల్టుల దాకా పోతాయి. 2.5 అయితే ఏడు వోల్టులతో సరిపోతుంది. అది కూడా చుట్ట మొత్తం విప్పి పరచాలి. చుట్టలోనే ఉంచి వాడితే మధ్యలో వేడి చేరి తొడుగు మెత్తబడుతుంది.

పల్లెల్లో వోల్టేజీ మరో తలనొప్పి. మా దగ్గర పొద్దున పాలు పిండే వేళ, సాయంత్రం లైట్లు వేసే వేళ 180కి అటుఇటుగా వచ్చేస్తుంది. చాలా డబ్బాల మీద 230కి 15 శాతం అటుఇటు అని రాస్తారు, అంటే 195 కంటే కిందకు పోతే హామీ లేదు. కొన్నింటి మీద 160 వోల్టుల నుంచి పనిచేస్తుందని రాస్తున్నారు. పల్లెవాళ్ళు ఈ ఒక్క లైను కోసం వెయ్యి రూపాయలు ఎక్కువ పెట్టినా తప్పులేదు. నాది అలాంటిదే. 180 దగ్గర 2.5 రాడ్డు వెలిగిస్తుంది, రాడ్డు ఇనుముకు అంటుకుపోదు. అయితే వోల్టేజీ తగ్గినప్పుడు అదే పనికి గోడ నుంచి ఎక్కువ ఆంప్స్ లాగుతుందన్నది మరిచిపోవద్దు, వైరు మీద భారం అప్పుడే ఎక్కువ. నేనైతే మధ్యాహ్నం పెట్టుకుంటాను పని.

బావి దగ్గర మోటారు స్టార్టరు డబ్బాలోంచి కరెంటు తీసుకుని వెల్డింగ్ కొట్టడం మా వైపు మామూలే. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు వచ్చాక ఇంకా సులువైంది. కానీ వ్యవసాయ కనెక్షన్ మీద వెల్డింగ్ చేయడం 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద అనధికార వాడకం, పట్టుకుంటే బిల్లు వేస్తారు. అంతకంటే పెద్ద భయం, అక్కడ న్యూట్రల్ (కరెంటు తిరిగిపోయే వైరు) ఉండదు కాబట్టి ఒక ఫేజు తీసి రెండో కొసను ఎర్త్ రాడ్డుకు కలిపేవాళ్ళు ఉన్నారు. ఆ తడి నేల మీద చెప్పులతో నిలబడేది ఎవరో ఆలోచించండి.

ఇక షాపులో ఏం చూడాలి? నేను ఇంటి నుంచే ముక్క పట్టుకుపోయాను, కొట్టం తడకకు వాడిన ఇంచు స్క్వేర్ పైపు, 18 గేజీ. అంటే మందం 1.2 ఎంఎం. అందరూ మందపాటి ప్లేటు మీద రాడ్డు కాల్చి చూపిస్తారు, దాని మీద ఏ మిషనైనా బాగానే కాలుతుంది. ఇంట్లో మనకు తగిలేది పలుచటి పైపు. దాని మీద నాబు 50 దగ్గర పెట్టి సన్న రాడ్డు గీయమన్నాను. మొదటి షాపులో చూసిన మిషన్‌కు 50 దగ్గర మంట నిలబడలేదు. గీస్తే అంటుకుంటుంది, లాగితే ఆరుతుంది. నాబు 70కి పెంచితే నిలబడింది, పైపుకు బొక్క పడింది. రెండో షాపులో దానికన్నా తక్కువ ధరదే 45 దగ్గర కూడా చిటపటమంటూ సాఫీగా కాలింది. అదే తెచ్చుకున్నాను. పైన ఎంత ఇస్తుందన్నది కాదు, కింద ఎంత తక్కువకు నిలబడుతుందన్నదే ఇంటివాడికి ముఖ్యం. పరీక్ష చేయనివ్వని షాపు నుంచి బయటికి వచ్చేయండి. ఆన్‌లైన్‌లో ఐబెల్, రైలాన్ లాంటి పేర్లు వందా రెండొందలు తక్కువకు కనిపించవచ్చు, కానీ పైపు ముక్క పట్టుకుని అక్కడికి పోలేం కదా. ఈసాబ్, అడోర్ లాంటి పాత కంపెనీల చిన్న మిషన్లు కూడా చూశాను. ధర దాదాపు రెట్టింపు, ఆపైన. రోజంతా కాల్చేవాడికి అవి తగినవే. నెలకు నాలుగు అతుకులు వేసే నాకు ఎక్కువ.

డ్యూటీ సైకిల్ అని ఇంకో మాట వినిపిస్తుంది. 60 శాతం అంటే పది నిమిషాల్లో ఆరు నిమిషాలు కాల్చి నాలుగు నిమిషాలు ఆపాలని. రోజుకూలీ ఫ్యాబ్రికేషన్‌కు అది ముఖ్యం. మనకు ఒక 2.5 రాడ్డు నిమిషంలో అయిపోతుంది. తర్వాత చిట్టెం (అతుకు మీద గట్టిపడే పెంకు) కొట్టి, బ్రష్ రుద్ది, అతుకు చూసి, సరిగ్గా రాలేదని తిట్టుకుని, ఇంకో రాడ్డు పెట్టేసరికి మిషన్ చల్లబడే ఉంటుంది. ఎండాకాలం రేకుల కింద కూడా మిషన్ మరీ వేడెక్కితే వెలిగే పసుపు లైటు వెలగడం నేను చూడలేదు.

హాట్ స్టార్ట్, యాంటీ స్టిక్ అని రాసినవి మాత్రం ఉత్త మాటలు కావు. మొదటిది, రాడ్డు తగలగానే క్షణం పాటు కాస్త ఎక్కువ కరెంటు ఇచ్చి వెలిగిస్తుంది. రెండోది, రాడ్డు ఇనుముకు అంటుకుపోతే కరెంటు తగ్గించేస్తుంది, పట్టి మెలితిప్పితే ఊడొస్తుంది. చేయి తిరగని వాళ్ళకు ఈ రెండూ పెద్ద సాయం. మా ఊరి అన్న దగ్గరున్న పాత ట్రాన్స్‌ఫార్మర్ సెట్టుకు ఇవేవీ లేవు, అంటుకున్న రాడ్డు ఎర్రగా కాలిపోవాల్సిందే. అలాంటి సెట్టు పాతది నాలుగు వేలకు ఇస్తానని ఒకాయన అన్నాడు. దానికి చావు లేదు, లోపల రాగి చుట్ట తప్ప చెడిపోయే వస్తువే లేదన్నది నిజమే. కానీ ఇద్దరు మోయాలి, చాలావాటికి రెండు ఫేజులు కావాలి, ఇంటికి సింగిల్ ఫేజు మీటరు. అక్కడితో ఆ మాట అయిపోయింది.

గ్యాస్ లేకుండా తీగతో కొట్టే మిగ్ మిషన్ కూడా చూపించారు. ట్రిగ్గర్ నొక్కితే తీగ అదే వస్తుంది, నేర్చుకోవడం తేలిక, పలుచటి పైపు మీద నిజంగా అందంగా వస్తుంది. మనసు లాగింది. ధర రాడ్డు మిషన్‌కు రెట్టింపు పైన ఉంది, పైగా ఆ మందు నింపిన తీగ చుట్ట మా మండలంలో ఎక్కడా దొరకదు. రాడ్లయితే సిమెంటు అమ్మే షాపులో కూడా దొరుకుతాయి. హైదరాబాద్‌లోనో, విజయవాడ ఆటోనగర్ పక్కనో ఉండేవాళ్ళు, చేతిలో డబ్బు ఆడేవాళ్ళు తీగ మిషన్ గురించి ఆలోచించవచ్చు.

రాడ్ల సంగతి. షాపులో 12 నంబరు అంటే 2.5 ఎంఎం, 10 నంబరు అంటే 3.15. ప్యాకెట్టు మీద ఈ6013 అని ఉన్నది తీసుకోండి. 60 అంటే అతుకు చదరపు అంగుళానికి 60 వేల పౌండ్ల లాగుడుకు తట్టుకుంటుందని, 1 అంటే కింద, పక్కన, నిలువు, నెత్తి మీద ఎలాగైనా కాల్చొచ్చని, చివరి 3 పూత రకం. 7018 ఇంకా గట్టిదని ఎవరో చెబితే వినకండి. అది తేమ తగలకుండా దాచాల్సిన రాడ్డు, తేమ పడితే ఓవెన్‌లో కాల్చి ఆరబెట్టాలి. బర్రెల కొట్టంలో ఆ భోగం కుదరదు. 6013 కూడా వానాకాలంలో మెత్తబడి ఎక్కువ చిటపటలాడుతుంది, ఎండలో పెడితే చాలావరకు సర్దుకుంటుంది. నేను మూత బిగుతుగా ఉండే పాత పాలపొడి డబ్బాలో పెడతాను.

డీసీ మిషన్ కాబట్టి ముందువైపు ప్లస్, మైనస్ రెండు సాకెట్లు ఉంటాయి. పలుచటి పైపుకు హోల్డర్ (రాడ్డు పట్టుకునే పిడి) మైనస్‌కు, ఎర్త్ క్లాంపు (అతికే ఇనుముకు తగిలించే పట్టు) ప్లస్‌కు పెట్టండి. మంట ఇనుములోకి దిగడం తగ్గి బొక్క పడదు. ఐదు ఎంఎం యాంగిల్ లాంటి వాటికి అటుదిటు మార్చండి. పలుచటి దాని మీద గీత లాగకుండా చుక్క చుక్కగా వేస్తూ, ఒక చుక్క ఎరుపు తగ్గాక ఇంకోటి వేయాలి. ఇది మా ఊరి అన్న చూపించిందే. మిషన్ కొన్నానని కోపం వస్తుందేమో అనుకున్నాను గానీ, "ఇగ నన్ను సతాయించవు పో" అని నవ్వాడు.

ఇప్పుడు ఫిర్యాదులు. డబ్బాలో వచ్చిన వెల్డింగ్ కేబుల్ మూర కంటే కాస్త పొడుగు, అంతే. హోల్డర్ చేతిలో పట్టుకుంటే మిషన్ కాళ్ళ దగ్గరే ఉండాలి, నిప్పురవ్వలన్నీ దాని మీదే. పైగా తొడుగు లావుగా ఉంది, కోసి చూస్తే లోపల పోగులు సన్నం. ఐదు మీటర్ల 16 స్క్వేర్ ఎంఎం రాగి కేబుల్ విడిగా కొని, పాత కొసలే దానికి బిగించాను. మంట అప్పటి నుంచి ఇంకా నిలకడగా ఉంది. ఎర్త్ క్లాంపు రేకు ముక్క, స్ప్రింగు నెలలోనే చచ్చింది. ఇత్తడి పట్టుతో ఉన్నది రెండొందల్లో దొరుకుతుంది, మిషన్‌తోపాటే కొనేయండి. క్లాంపును తుప్పు గీకి, అతుకు పక్కనే పెట్టాలి. మోటారు స్టాండుకు అతుకేసేటప్పుడు మోటారు ఒంటికి పెడితే కరెంటు బేరింగుల్లోంచి పోయి వాటిని తినేస్తుంది.

ఉచితంగా ఇచ్చిన చేతి మాస్కు అట్టముక్క కంటే నయం కాదు. అది పక్కన పడేసి, వెలుగు పడగానే దానంతట అది నల్లబడే హెల్మెట్ కొనండి. వెయ్యి, పన్నెండొందల్లో వస్తుంది. ఇది కొత్తవాళ్ళకు మిషన్ కంటే ముఖ్యం, ఎందుకంటే రాడ్డు కొన ఎక్కడుందో వెలిగించకముందే కనబడుతుంది. పాత నల్లద్దంతో గుడ్డిగా గీయాలి, అందుకే మనవాళ్ళు అద్దం తీసి చూసి గీసి కళ్ళు పోగొట్టుకుంటారు. షాపు మెట్ల మీదికి తెచ్చి ఎండ వైపు తిప్పండి, చాలావరకు వెంటనే నల్లబడుతుంది. షేడ్ (అద్దం ఎంత నల్లబడాలో చెప్పే అంకె) 10 లేదా 11 దగ్గర పెట్టుకోండి. నల్లబడకముందు కూడా మంచి అద్దం అతినీలలోహిత కిరణాలను ఆపుతుంది. కంటికి వెలుగు కొడితే ఆ క్షణంలో ఏమీ తెలియదు, ఆరేడు గంటల తర్వాత అర్ధరాత్రి కళ్ళలో ఇసుక పోసినట్టు మొదలవుతుంది. బంగాళాదుంప ముక్కలు, చనుబాల చుక్కలు అంటూ ఊరంతా వైద్యం చెబుతారు. డాక్టరు దగ్గరికి పోండి. పక్కన నిలబడి చూసే పిల్లలకు హెల్మెట్ ఉండదన్నది కూడా గుర్తుంచుకోవాలి, వాళ్ళను ముందే పంపేయాలి. తోలు గ్లౌజులు, నూలు చొక్కా, బూట్లు. పాలిస్టర్ చొక్కా మీద రవ్వ పడితే గుడ్డ కరిగి చర్మానికి అంటుకుంటుంది.

కొట్టం ఉన్నవాళ్ళకు రెండు మాటలు. బర్రెలను బయట కట్టేశాకే మిషన్ ఆన్ చేయండి. ఇనుప గొలుసుతో అదే పైపుకు కట్టేసి ఉన్న పశువుకు, తడి నేల మీద, మనకు తెలియనంత కరెంటు కూడా తెలుస్తుంది. గడ్డివాము వైపు రవ్వలు పోకుండా తడి గోనెసంచి అడ్డం పెట్టి, బకెట్ నీళ్ళు దగ్గర ఉంచుకోండి. పని అయిపోయాక కూడా కాసేపు అక్కడే ఉండాలి.

ఈ మిషన్‌తో కుదరనివి కూడా చెప్పాలి. గడ్డి కోసే చాఫ్ కట్టరు చక్రం పోత ఇనుము, 6013 రాడ్డుతో అతికినట్టే ఉండి చల్లబడేటప్పుడు పక్కనే టక్కున చీలుతుంది. దానికి నికెల్ రాడ్లు వేరే ఉన్నాయి, ఖరీదెక్కువ. పాల క్యాన్ల అల్యూమినియం దీనితో కాదు. జీఐ పైపు కాల్చేముందు పైన జింకు పూత గ్రైండరుతో తీసేయాలి, లేకపోతే ఆ తెల్ల పొగకు రాత్రి చలిజ్వరం వస్తుంది. బెల్లం తింటే పోతుందనేవాళ్ళ మాట నమ్మి కిటికీలు మూసుకుని కాల్చకండి. డీజిల్ పట్టిన ఖాళీ డ్రమ్ములకు నిప్పు చూపించొద్దు, పేలతాయి. ఇక ఉయ్యాల కొక్కెం, నీళ్ళ ట్యాంకు స్టాండు, ట్రాక్టరు ట్రాలీ కొక్కెం లాంటివి నేను ముట్టను. అవి ఊడితే మనుషులు పోతారు. వాటికి అన్ననే పిలుస్తాను, ఆయన పొద్దుగాల కోసం ఎదురుచూస్తాను.

సర్వీసు విషయం షాపులోనే తేల్చుకోండి. ఏడాది వారంటీ అంటారు. ఎక్కడ బాగు చేస్తారు, బోర్డు మారుస్తారా, పంపే ఖర్చు ఎవరిది అని బిల్లు చేతికి రాకముందే అడగాలి. రాణిగంజ్‌లో కొన్నందుకు నాకు కనిపించిన లాభం అదే, ఆ చుట్టుపక్కలే బోర్డులు బాగు చేసేవాళ్ళు ఉన్నారు. ఈ డబ్బాలను చంపేది ఎక్కువగా దుమ్ము. గ్రైండరు పక్కనే పెట్టి కోస్తే ఆ ఇనుప పొడిని ఫ్యాను లోపలికి పీల్చుకుంటుంది, బోర్డు మీద పేరుకుని ఒకరోజు టప్‌మంటుంది. పల్లెలో బల్లులు, బొద్దింకలు కూడా వెచ్చదనానికి లోపలికి దూరతాయి. పని కాగానే నాది పాత బియ్యం సంచిలో కట్టి అటక మీదికి పోతుంది, అప్పుడప్పుడు ప్లగ్గు తీసి బ్లోయరుతో గాలి కొడతాను.

మొత్తం ఖర్చు చూసుకుంటే మిషన్ ఏడు వేల లోపు, కేబుల్, క్లాంపు, హెల్మెట్, గ్లౌజులు, చిట్టెం కొట్టే సుత్తి, వైరు బ్రష్, రాడ్లు కలిపి ఇంకో నాలుగైదు వేలు. కరెంటు లైను వేరే. నాలుగంగుళాల గ్రైండరు ముందే ఉంది నాకు, లేనివాళ్ళు అది కూడా లెక్కలో వేసుకోవాలి. గ్రైండరు లేకుండా వెల్డింగ్ మిషన్ సగం పనిముట్టే. బడ్జెట్ పది వేలే అయితే మిషన్ దగ్గర తగ్గండి, హెల్మెట్ దగ్గర, వైరు దగ్గర తగ్గకండి.

ఇప్పుడు వాడకట్టులో ఎవరికి మంచం కాలు ఊడినా మా ఇంటికే వస్తున్నారు. మిషన్ అడిగితే ఇస్తాను, హెల్మెట్‌తోపాటే తీసుకెళ్ళాలి, 2.5 ఎంఎం రాడ్డు మించి కాల్చకూడదు. మొన్న ఒకాయన "హెల్మెట్ నాకెందుకు, నల్ల కళ్ళద్దాలున్నయి" అన్నాడు. మిషన్ మళ్ళీ అటకెక్కింది.